పద్నాలుగో నియమం

చింతగుంపు,
మార్చి 2, 1936.

మహారాజశ్రీ జగదల్‌పూర్ దర్బారు ఫిర్యాదుల దఫ్తరులో తెలుగు అర్జీలు చూసే గుమస్తా గారికి, చింతగుంపు ట్రైనింగ్ కాలేజీ తెలుగు పంతులు యాలం రామనర్సయ్య నమస్కరించి రాసుకునేది.

క్షేమ సమాచారం ముందు రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నేను క్షేమం. మా కాలేజీ గోడ క్షేమంగా లేదు.

కాలేజీ అని బోర్డు మీద ఉంది గాని, ఉన్నది మూడు గదులూ ఒక వంటపాకా. అడవి ఊళ్ల నుంచి వచ్చిన ఇరవై ఇద్దరు కుర్రాళ్లు ఇక్కడ రెండేళ్లు చదివి, గురూజీలై, తమ ఊళ్లకు తిరిగి పోయి బడులు పెట్టాలని దర్బారు వారి ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే వాళ్లు పడుకునే పొడుగు గది వెనక గోడ మట్టిది. పోయిన వానాకాలం దాని మూల కూలి ఇర్మా అనే పంతొమ్మిదేళ్ల విద్యార్థి కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతున్నాడు. మిగిలిన గోడ నిలువునా పగిలి లోపలికి వంగింది. ఒక మామిడి దుంగ తెచ్చి ఆనించాం. రాబోయే వానకు అది ఆగదని గుడ్డివాడైనా తడిమి చెప్పగలడు.

చోటు లేక ఈ అవస్థ పడుతుంటే నాకింత కోపం ఉండేది కాదు. పక్కనే రాతి గోడలతో, పెంకుల కప్పుతో హాలు ఒకటి ఉంది. అందులో మంచం, దోమతెర, రెండు దిండ్లు. తనిఖీకి వచ్చే పెద్ద అధికారి దిగడానికి దాన్ని అట్టేపెట్టారు. ఆరేళ్లుగా ఏ అధికారీ రాలేదు. ఆ దిండు మీద ఇంతవరకు తల పెట్టినది ఒక్క పిల్లి మాత్రమే. మా ప్రిన్సిపాల్ దూబే గారు హాలు తాళంచెవి జంధ్యానికి కట్టుకుని తిరుగుతారు. కుర్రాళ్లను అందులో పడుకోనివ్వండి మహాప్రభో అంటే, నియమం ఒప్పుకోదంటారు.

పోయిన నెల మా గేటుకు రేకు పలక ఒకటి కొట్టారు. "విద్యార్థులు గాని సిబ్బంది గాని తమ ఇబ్బందులను నిర్భయంగా జగదల్‌పూర్ ఫిర్యాదుల దఫ్తరుకు తెలుపుకోవచ్చు" అని దాని మీద ఉంది. నేను నిర్భయంగా తెలుపుకుంటున్నాను. వానలకు ఇంకా వంద రోజులున్నాయి. గోడైనా కట్టించండి, హాలైనా తెరిపించండి.

ఇట్లు,
కోపం చాలావరకు దిగమింగిన
యాలం రామనర్సయ్య.

తా.క.: తెలుగులో ఎందుకు రాశానంటే, దూబే గారికి తెలుగు రాదు.

*

జగదల్‌పూర్,
మార్చి 11, 1936.

చింతగుంపు ట్రైనింగ్ కాలేజీ తెలుగు పంతులు గారికి, ఫిర్యాదుల దఫ్తరు తెలుగు గుమస్తా తాడి జగన్నాయకులు ఆశీర్వచనాలతో రాయునది.

మీ కాయితం చేరింది. చదివి చాలా విచారించి, వెనక్కి పంపుతున్నాను.

మొదటి సంగతి, ఎడమ పక్క మార్జిను నాలుగు వేళ్లు వదలాలి. మీరు రెండు వదిలారు. రెండో సంగతి, ఫిర్యాదు ఎవరి మీదో వారి ద్వారానే రావాలి, వారి సంతకంతో. అలా కాకపోతే దూబే గారికి తెలియకుండా దూబే గారి మీద చాడీ చెప్పినట్టవుతుంది. అది మర్యాద కాదు. మూడో సంగతి, మామిడి దుంగ అన్నారు. చెట్టు కొట్టడానికి అడవులు చూసే జంగిల్ మహకమా వారి అనుమతి ఉందా? లేకపోతే గోడ ఫిర్యాదు కంటే ముందు దుంగ విచారణ జరగవలసి ఉంటుంది. నేనిక్కడ కుర్చీలో కూర్చుని ముప్పై ఏళ్లయింది. గోడ కథతో మొదలై జైలు కథతో ముగిసిన అర్జీలు చాలా చూశాను.

నాలుగో సంగతి ముఖ్యం. పద్నాలుగో నియమం ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ నమూనా జత చేయాలి. గోడ బాగులేదని నోటితో ఎవరైనా అంటారు. గోడ మాకు కనపడాలి.

ఇట్లు,
మీ హితం కోరే
తాడి జగన్నాయకులు.

తా.క.: నేను సాలూరు వాణ్ణి. ఈ దఫ్తరులో తెలుగు చదివేది నేనొక్కణ్ణే. కనుక మీరు ఎవరి పేరున రాసినా విప్పేది నేనే.

*

చింతగుంపు,
మార్చి 20, 1936.

జగన్నాయకులు గారికి రామనర్సయ్య నమస్కారాలు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. మీ జాబు చదివాక ఆ ఇంకొకడి ఊరు సాలూరని తెలిసింది. పెద్దవారు, ఆశీర్వచనం పంపారు కాబట్టి ఇంతకంటే అనను.

అయినా మీరు చెప్పినవన్నీ చేశాను. మార్జిను ఐదు వేళ్లు వదిలాను, ఒక వేలు మీకు ఉంచుకోండి. సంతకం కోసం దూబే గారి దగ్గరికి పోయి, ఇది దర్బారుకు పోయే కాయితమని చెప్పాను. ఇందులో నా పేరు ఉందా అని అడిగారు. నాలుగు చోట్ల ఉందన్నాను. మురిసిపోయి, తన పేరు ఇంకా స్పష్టంగా రాయమని చెప్పి, సంతకం పెట్టి, కాలేజీ ముద్ర కూడా వేశారు. తన మీది ఫిర్యాదుకు అంత ప్రేమగా ముద్ర వేసిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

మామిడి దుంగ కొట్టింది కాదు, గాలివానకు పడింది. పడమని అనుమతి ఎవరిచ్చారంటారేమో, వాయుదేవుణ్ణి అడగండి.

ఇక నమూనా. గోడ నుంచి పెళ్ల ఒకటి తీసి రుమాల్లో కట్టి డాకులో పంపుతున్నాను. దానికి శ్రమపడలేదు. చెయ్యి పెడితే వచ్చింది. ఆ సంగతి కూడా మీరు సాక్ష్యంగా రాసుకోవచ్చు.

ఇట్లు,
మీ నియమాలకు తలవంచిన, గోడకు వెన్ను చూపని
రామనర్సయ్య.

తా.క.: రుమాలు తిరిగి పంపండి.

*

జగదల్‌పూర్,
మార్చి 29, 1936.

రామనర్సయ్య గారికి జగన్నాయకులు ఆశీస్సులు.

మీ రుమాలూ, దానిలో కొంత పొడీ అందాయి. ఇది గోడ అని మా సూపరింటెండెంటును ఒప్పించలేకపోయాను. ఆయన దాన్ని నస్యం అనుకుని ఒక చిటికె పీల్చారు. తరువాత జరిగినది ఇక్కడ రాయను. పెళ్ల పెళ్లగానే రావాలి.

మరికొన్ని ప్రశ్నలు వచ్చాయి. పగులు ఎంత లోతు? దేనితో కొలిచారు? గోడ వెనక ఏముంది? సామాను గది ఉంటే అందులో సరుకు పోయినేడు తడిసిందా? తడిస్తే దానికీ నమూనా కావాలి. బియ్యం, పప్పు పంపకండి. మా రికార్డు గది ఎలకలు సాక్ష్యాన్ని తినేస్తాయి. ఎలకలు ముట్టని సరుకు ఎండు మిరపకాయలు. ఎర్రవి.

దుంగ గాలికి పడిందన్నారు. మామిడే అని రుజువేది? అదే చెట్టు నుంచి ఆకులతో సహా ఒక కొమ్మ కావాలి.

మీరు తొందరపడుతున్నారు. తొందరపడకండి. కాయితం నిదానంగా నడిస్తేనే బతుకుతుంది.

ఇట్లు,
జగన్నాయకులు.

తా.క.: రుమాలు సాక్ష్యంలో భాగమైనందున తిరిగి పంపడానికి వీల్లేదు. రసీదు జతచేశాను.

*

చింతగుంపు,
ఏప్రిల్ 7, 1936.

అయ్యా,

ఈసారి నమస్కారం రాయడం లేదు. చేతులు రెండూ తల మీదే ఉన్నాయి.

మీరు నిదానంగా నడవమంటున్నారు. మొన్న ఇర్మా తండ్రి ఇరవై మైళ్లు నడిచి వచ్చాడు. గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. కొడుకు కాలు చూశాడు, గోడ చూశాడు, నన్ను చూశాడు. మొదటి వాన పడగానే కొడుకును తీసుకుపోతానన్నాడు. అతణ్ణి తప్పు పట్టలేను. కానీ ఒకడు పోతే ఇరవై ఇద్దరూ పోతారు. వాళ్లలో తమ ఊరికి చదువు తెచ్చిన మొదటి మనిషి కానివాడు ఒక్కడూ లేడు. ఇళ్లకు పోయాక మళ్లీ ఎవడూ రాడు. ఈ కాలేజీ అనేది బోర్డుగా మిగిలిపోతుంది. నేను మా ఊరు మద్దేడు పోయి నాగలి పట్టుకుంటాను, నా సంగతి వదిలేయండి.

పగులు లోతు అడిగారు. ఇక్కడ కొలబద్ద లేదు. ఇర్మా తన బాణం తెచ్చి పగులులోకి తోశాడు. ఈకల దాకా పోయింది. పోయాక నా వైపు తిరిగి ఒక మాట అన్నాడు. "పంతులూ, గోడ కూలేదాక ఉత్తరాలే రాస్తవా?" జవాబు మీ దఫ్తరులో ఉండాలన్నాను. మీకు దొరికితే రాయండి.

వెనక సామాను గదే. మిరపకాయలు పోయినేడు బూజు పట్టాయి. కొన్ని నిలిచాయి.

ఇంకొక కాయితం జతచేస్తున్నాను. అది మీ మీద ఫిర్యాదు. తెలుగు గుమస్తా జగన్నాయకులు అనే ఆసామి పనికిమాలిన ప్రశ్నలతో కాలం గడుపుతూ ఇరవై రెండు ప్రాణాలతో ఆటలాడుతున్నాడని రాశాను. మార్జిను నాలుగు వేళ్లు ఉంది. కొలుచుకోండి.

ఇట్లు,
దిగమింగినది బయటికి వచ్చిన
రామనర్సయ్య.

తా.క.: మీ మీద ఫిర్యాదు మీ ద్వారానే రావాలన్న నియమం కూడా పాటించానని గమనించగలరు.

*

జగదల్‌పూర్,
ఏప్రిల్ 14, 1936.

రామనర్సయ్య గారికి జగన్నాయకులు ఆశీస్సులు.

నా మీద మీరిచ్చిన ఫిర్యాదు అందింది. తెలుగు కాయితం గనుక విచారణ నాకే వచ్చింది. నన్ను నేను పిలిపించుకుని, గట్టిగా ప్రశ్నించి, నిర్దోషినని తేల్చాను. అభ్యంతరముంటే పదిహేను రోజుల్లో నాకే అప్పీలు చేసుకోవచ్చు. మీ భాష మాత్రం చాలా బాగుంది. రెండుసార్లు చదివాను.

ఇక అసలు పని. ఈ కింది మాటలు ఒక్కటి కూడా తప్పకుండా పాటించండి. మట్టి పెళ్ల, ఎర్ర మిరపకాయలు, మామిడి కొమ్మ, కొలత కొలిచిన ఆ బాణం ములికితో సహా, నాలుగూ విడివిడిగా పంపితే ఇక్కడ నాలుగు బల్లలకు పోయి నాలుగేళ్లకు కలుసుకుంటాయి. కాబట్టి అన్నీ ఆ కొమ్మకే కట్టండి. గుడ్డ చుట్టకండి. మూసిన కట్టలు దఫ్తరు తీసుకోదు. పైకి అందరికీ కనపడాలి.

డాకులో పంపకండి. ఆకులూ అలములూ డాకు వారు ముట్టరు. సర్కారీ సామాను ఊరి కావలి చూసే కోత్వాలు నుంచి కోత్వాలుకు, ఊరి నుంచి ఊరికి చేతులు మారుతూ పోయే పద్ధతి ఉంది కదా, అలా పంపండి. మీ కాలేజీ కావలివాడు మొదటి ఊరి దాకా తెస్తే చాలు. పెద్దవాడెవరైనా ఉంటే మరీ మంచిది.

ఇట్లు,
జగన్నాయకులు.

తా.క.: కట్టతో చీటీ గాని ఉత్తరం గాని పెట్టకండి. మీ ఫిర్యాదు నకలు నా దగ్గర ఉంది. హిందీలోకి నేనే మార్చుతున్నాను.

*

చింతగుంపు,
ఏప్రిల్ 25, 1936.

జగన్నాయకులు గారికి రామనర్సయ్య రాయునది.

పంపించాను. ఇరవై మూడో తారీఖు పొద్దున మీ దిక్కుమాలిన కొమ్మ బయలుదేరింది. తోరణం కట్టినట్టు నేనే కూర్చుని కట్టాను. నాకు దక్షిణ ఒక్కటే తక్కువ.

ఒక సంగతి మాత్రం రాయాలి. మా కావలివాడు ఆయతుకు అరవై దగ్గర ఉంటాయి. మామూలుగా పని చెబితే వాడికి మోకాళ్ల నొప్పులు గుర్తొస్తాయి. ఈ కట్ట చేతికిస్తే వాడు నోరు తెరిచి నా ముఖం చూశాడు. కట్టను కింద పెట్టి, బావి దగ్గరికి పోయి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాడు. రెండు చేతులతో అందుకున్నాడు. "ఏ దినం, పంతులూ?" అని అడిగాడు. ఎప్పటిలోగా పని కావాలని అడుగుతున్నాడనుకుని, వానల్లోపు అన్నాను. తల ఊపి, మోకాళ్ల సంగతే మరిచి, పరుగు పెట్టాడు. ఒక ఫిర్యాదుకు సిబ్బంది ఇంత గౌరవం ఇవ్వడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

సాయంత్రం తిరిగి వచ్చి చెప్పాడు. మొదటి ఊళ్లో కోత్వాలు దాన్ని చూసి తింటున్న అంబలి వదిలేసి లేచాడట. చేతులు మారడానికి మనిషిని వెతకవలసిన అవసరమే రాలేదట. ఏ దినమని వాళ్లూ అడిగారట, వానల్లోపు గోడ పడుతుందని వీడు చెప్పాడట. ఒక ముసలామె కొమ్మకు మొక్కి వాడికి ఇప్పసారా పోసిందట. అది నిజమని దూరం నుంచే తెలిసింది.

మన జనానికి ఫిర్యాదుల మీద ఇంత నమ్మకం ఉందని నాకు తెలియదు. మీ దఫ్తరు వారు సిగ్గుపడాలి.

ఇట్లు,
కొంచెం మెత్తబడిన
రామనర్సయ్య.

తా.క.: వచ్చే పోయే ఊళ్ల వాళ్లు నన్ను చూసి దారి ఇస్తున్నారు. పంతుళ్లకు ఇంతవరకు ఈ ప్రాంతంలో అలాంటి వాడుక లేదు.

*

జగదల్‌పూర్,
ఏప్రిల్ 29, 1936.

రామనర్సయ్య గారికి,

తొందరలో రాస్తున్నాను. డాకు వారం రోజుల్లో తెచ్చే దారిని మీ కట్ట మూడు రోజుల్లో దాటింది. దంతెవాడ నుంచి అది ఎలా వచ్చిందో చూసినవాళ్లే లేరు. ఆదివారం పొద్దున దఫ్తరు గుమ్మానికి వేలాడుతూ కనిపించింది. మా సూపరింటెండెంటు దాన్ని చూసి కుర్చీ ఎక్కి నిలబడ్డారు. ఇంకా దిగలేదు.

పన్నెండు మంది కానిస్టేబుళ్లూ ఒక దారోగా మీ దగ్గరికి బయలుదేరారు. వారి వెనక ఒక పెద్ద దొర గుర్రం మీద వస్తున్నారు. భయపడకండి. పారిపోకండి. ఎవరు ఏమడిగినా గోడ చూపించండి. రెండోసారి అడిగినా గోడే చూపించండి.

ఇట్లు,
జగన్నాయకులు.

తా.క.: దూబే గారిని హాలు ఊడ్పించమనండి. ఆరేళ్ల తరువాత అధికారి వస్తున్నారు.

*

చింతగుంపు,
జూన్ 13, 1936.

జగన్నాయకులు అనే మనిషికి,

నెలా పదిహేను రోజులుగా జాబు రాయలేదంటే కోపం లేక కాదు. నా సిరాబుడ్డిని దారోగా సాక్ష్యం కింద పట్టుకుపోయాడు. నిన్ననే తిరిగి వచ్చింది, సగమే ఉంది. ఆ సగం మీకే.

అయ్యా, నేను తిరుగుబాటు నాయకుణ్ణట. మేక అడ్డం వస్తే పక్కకు తప్పుకుని పోయే మనిషిని నేను. తెల్లవారగానే పన్నెండు తుపాకులు మా వంటపాకను చుట్టుముట్టాయి. దారోగా నన్ను మునగచెట్టు కింద నిలబెట్టి ఏ ఊళ్లు కలిశాయి, ఎవరు పంపారు, ఏ దినం అని అడిగాడు. గోడ చూపించాను. మళ్లీ అడిగాడు. మళ్లీ గోడ చూపించాను. ఆ గోడ వెనక ఎంతమంది దాక్కున్నారో చూడమని ఇద్దర్ని పంపాడు. వాళ్లకు అక్కడ బూజు పట్టిన మిరపకాయలు దొరికాయి. అంతే, ఇంకా సాక్ష్యం కావాలా అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు మీరు చేసిన ఘనకార్యం. ఇరవై ఆరేళ్ల కింద, పంతొమ్మిదివందల పదో సంవత్సరంలో, అడవి ఊళ్లన్నీ దర్బారు మీద తిరగబడ్డప్పుడు కబురు పంపింది ఇలాగేనట. మామిడి కొమ్మ, మట్టి పెళ్ల, ఎర్ర మిరపకాయలు, బాణం. ఊరి నుంచి ఊరికి చేతులు మారుతూ. అది చూసిన ఊరు ఏ దినమని మాత్రమే అడుగుతుందట. అప్పుడు నేను నాలుగేళ్ల పిల్లవాణ్ణి, సిరోంచలో మా అమ్మమ్మ ఇంట్లో ఉన్నాను. నాకేం తెలుసు? నేను పంపింది గోడ నమూనా.

దూబే గారు హాలు తాళం తీశారు. దారోగా ఆ మంచం మీద కూర్చున్నాడు. ఇర్మా, మిగతా కుర్రాళ్లూ కిటికీలోంచి దిండ్లను చూస్తూ నిలబడ్డారు.

మూడో రోజు దొర వచ్చారు. చేతిలో హిందీ కాయితం ఒకటి ఉంది. అది నా ఫిర్యాదని తరువాత తెలిసింది. ఆయన ఎవరినీ ఏమీ అడగకుండా ముందు ఆయతును పిలిపించారు. ఈ కట్ట నీకు తెలుసా అన్నారు. తెలుసన్నాడు. ఆనాడూ మోశానన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మరి ఇప్పుడెందుకు మోశావంటే ఆయతు చెప్పిన మాట ఇది.

"గోడ పడుతదని పోయినేడు చెప్పినం, ఇనలే. పోరని కాలు ఇరిగింది, ఇనలే. పంతులు కాయితం రాసిండు, ఇనలే. ఇది పంపితే పదిహేను దినాలల్ల వచ్చినవ్ దొరా. ఇక నువ్వే చెప్పు, ఏంది మా తప్పు?"

దొర లేచారు. తరువాత పొడుగు గదిలోకి పోయి తన చేతికర్రను పగులులోకి తోశారు. పిడి దాకా పోయింది. లాగితే కర్రతో పాటు పెళ్ల కూడా ఊడి ఆయన బూటు మీద పడింది. ఎక్కడి దాకా వెనక్కి జరిగారో నేను చూశాను. అక్కడే నిలబడి హుకుం ఇచ్చారు. ఆ పూటే కుర్రాళ్లంతా హాల్లోకి మారాలి. మంచం, దోమతెర తీసేయాలి. తాళంచెవి ఇర్మా దగ్గర ఉండాలి. జంధ్యం నుంచి తాళంచెవి ముడి విప్పడానికి దూబే గారికి పావుగంట పట్టింది. ఆయన మీద నాకు జాలి వేసింది, కొంచెమే.

నాకు మాత్రం గట్టిగా చీవాట్లు పెట్టారు. వెధవ సామాను ఎందుకు పంపావన్నారు. పద్నాలుగో నియమం ప్రకారం అన్నాను. ఏ పద్నాలుగో నియమం అన్నారు.

మొన్న పదకొండో తారీఖు మొదటి వాన పడింది. ఆ రాత్రి ఒక్క ఝాములో గోడ మొత్తం కూలింది, కప్పు సహా. దుంగ ముక్కలైంది. ఆ గది ఖాళీగా ఉంది. హాల్లో ఇరవై ఇద్దరూ లేచి కూర్చుని ఆ చప్పుడు విన్నారు. నేను వాళ్లను ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాను. వాన చూసి బయలుదేరిన ఇర్మా తండ్రి మరునాడు మధ్యాహ్నానికి పరుగున వచ్చాడు. మట్టి కుప్ప చూశాడు. కొడుకును చూశాడు. మూటలో తెచ్చిన ఇప్పపూలు నా ముందు పెట్టి, ఒక్కడే తిరిగి పోయాడు.

ఈ సంతోషం మీ వల్ల కలగలేదు. మీ తెలివితక్కువ వల్ల కలిగింది. ముప్పై ఏళ్లు జగదల్‌పూర్‌లో కూర్చున్న మనిషికి ఆ నాలుగు వస్తువులు కలిపితే ఏమవుతుందో తెలియదా? ఒక్క తుపాకి పేలితే ఆ ఊళ్ల గతి ఏమయ్యేది? ఆ నియమాల పుస్తకంలో పద్నాలుగో నియమం నాకు రాసి పంపండి. అక్షరం వదలకుండా.

ఇట్లు,
సగం సిరాబుడ్డితో, పూర్తి కోపంతో
రామనర్సయ్య.

తా.క.: దారోగా నివేదికలో నన్ను "ముఖ్య నాయకుడు" అని రాశాడు. కుర్రాళ్లు ఇప్పుడు ఏ రోజు పాఠం ఆ రోజే అప్పజెబుతున్నారు. ఈ ఒక్క మాట కొట్టేయించకండి.

*

జగదల్‌పూర్,
జూన్ 20, 1936.

చిరంజీవి రామనర్సయ్యకు జగన్నాయకులు దీవించి రాయునది.

నీ కోపం ముట్టింది. చిన్నవాడివి కాబట్టి ఈసారి నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. ఆ పొడుగు గది ఖాళీగా ఉండగా కూలిందని చదివి ఉత్తరం మూసి పెట్టి బయట తిరిగి వచ్చి మళ్లీ తెరిచాను.

పద్నాలుగో నియమం అడిగావు. అక్షరం వదలకుండా రాస్తున్నాను. "దఫ్తరులో సిరాబుడ్ల మూతలు సాయంత్రం బిగించవలెను." అంతే ఉంది. నమూనాలు పంపాలన్న నియమం ఏ పుస్తకంలోనూ లేదు. అది నేను పుట్టించాను.

పదో సంవత్సరం నాటికి నేనీ దఫ్తరులో చేరి నాలుగేళ్లు. ఆ కొమ్మ ఒకటి ఈ గుమ్మం ముందే చూశాను. నాకు తెలియకపోవడమేమిటి? మొదటి రోజు నుంచీ తెలుసు. నువ్వు మాత్రం తెలియనివాడివై ఉండాలి, లేకపోతే దారోగా ముందు నీ ముఖమే నిన్ను పట్టిచ్చేది. అందుకే ఒక్కొక్క వస్తువూ ఒక్కొక్క జాబులో అడిగాను. నువ్వు పెట్టిన తిట్లన్నీ నాకు ఉపయోగపడ్డాయి. తిట్టే మనిషి కుట్ర పన్నడు కదా.

ఎందుకు చేశానో చెప్పకపోతే అన్యాయం. నీ మొదటి ఉత్తరంలో ఇర్మా కాలు సంగతి చదివిన రోజే రికార్డు గదిలోకి పోయాను. మూడేళ్ల కింద నీకు ముందున్న తెలుగు పంతులు ఇదే గోడ గురించి రాసిన అర్జీ దొరికింది. మార్జిను రెండు వేళ్లు ఉందని వెనక్కి పంపినట్టు దాని మీద ఎర్రసిరాతో ఉంది. ఆ ఎర్రసిరా నాది, ఆ సంతకం నాది. ఆయన మళ్లీ రాయలేదు. గోడ మాత్రం ఆగలేదు. నిజాయితీగా నియమాలు పాటించి నేను ఒక కుర్రవాడి కాలు విరగ్గొట్టానయ్యా. మళ్లీ అలాగే పాటిస్తే ఈసారి ఇరవై ఇద్దరు. నీ అర్జీని సక్రమంగా పైకి పంపి ఉంటే ఇప్పుడది ఏ బల్ల మీద ఉండేదో తెలుసా? నా బల్ల మీదే.

తుపాకి గురించి అడిగావు. ఆ భయం నాకూ ఉంది. అందుకే హిందీ నకలును దొర చేతికే ఇచ్చి, దండు మాట వినే ముందు ఇది చదవమని కాళ్లు పట్టుకున్నాను. అయినా ఆ మూడు రోజులూ అన్నం సయించలేదు. నేను చేసింది తప్పు కాదని అనను. దీని మీద ఫిర్యాదు చేస్తే ఈసారి నిర్దోషినని తేల్చుకోను.

దొర తిరిగి వచ్చి నియమాల పుస్తకం తెమ్మన్నారు. పద్నాలుగోది తీసి చదివారు. నన్ను చూశారు. కళ్లు సరిగా కనపడక ఒక నియమం బదులు ఇంకొకటి చదివానని చెప్పాను. నమ్మలేదు గాని, కోప్పడనూ లేదు. ఇక విశ్రాంతి తీసుకోమన్నారు. వచ్చే నెలాఖరుకు సాలూరు పోతున్నాను. గోడ కొత్తగా కట్టే హుకుం నిన్న పోయింది. రాతితో.

ఇట్లు,
నీ తిట్లన్నీ భద్రంగా దాచుకున్న
తాడి జగన్నాయకులు.

తా.క.: నా కుర్చీలోకి వస్తున్న గుమస్తా చాలా మంచివాడు, చాలా నిజాయితీపరుడు, పుస్తకంలో ఉన్న నియమాలు మాత్రమే పాటిస్తాడు. కాబట్టి మీ కాలేజీలో ఇంకా ఏ ఇబ్బంది ఉన్నా నేను పోయేలోపే రాసి పంపు.